రెనైసాన్స్ ఫెయిర్‌కి కుటుంబంతో వెళ్లాలనుకుంటున్నారా? మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు వచ్చిందంటే చాలు, హ్యూస్టన్‌లో మన వాట్సాప్ గ్రూపుల్లో బతుకమ్మ ఫొటోల మధ్యలో ఈ ప్రశ్నలు మొదలవుతాయి. రెన్ ఫెస్ట్‌కి ఎవరైనా వెళ్లారా, పిల్లలకి బాగుంటుందా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు తీసుకెళ్లొచ్చా, అక్కడ మనం తినడానికి ఏమైనా దొరుకుతుందా అని. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే కన్నా అన్నీ ఒకచోట రాసేస్తే నయం. ఎక్కువగా హ్యూస్టన్ దగ్గర టాడ్ మిషన్ ఊళ్లో జరిగే టెక్సస్ రెనైసాన్స్ ఫెస్టివల్ గురించే రాస్తున్నాను కానీ, అమెరికాలో ఏ ఫెయిర్‌కి వెళ్లినా సగానికి పైగా పనికొస్తుంది.

అసలు ఇదేంటి? మ్యూజియమా, థీమ్ పార్కా?

రెండూ కాదు, జాతర. అలా అనుకుని వెళ్తేనే బాగుంటుంది. ఊళ్లో జాతరకి వెళ్లేటప్పుడు ఎవరూ గంట గంటకీ ప్లాన్ వేసుకుని వెళ్లరు కదా, నడుస్తూ పోతే ఏది కనిపిస్తే అక్కడ ఆగుతారు, ఏది వాసన వస్తే అది తింటారు, ఇక్కడా అంతే. పదహారో శతాబ్దపు ఇంగ్లండ్ ఊరిలా వీధులు, చెక్క ఇళ్లు, ఒక కోట కట్టి పెడతారు. రాజు, రాణి, వాళ్ల వెనక పరివారం ఊరేగుతారు. ఒక పక్క గాజు ఊదేవాడు, ఇంకో పక్క నిప్పు మింగేవాడు, బురదలో దొర్లి నవ్వించే హాస్యగాళ్లు, గద్దని ఎగరేసి చూపించేవాళ్లు. వచ్చిన జనంలో కూడా చాలామంది వేషాలు వేసుకునే వస్తారు కాబట్టి ఎవరు జీతానికి ఆడుతున్నారో, ఎవరు డబ్బిచ్చి వచ్చారో కాసేపటికి తెలియదు. అసలు సరదా అంతా అందులోనే ఉంది.

ఈ పద్ధతి యూరప్ నుంచి వచ్చింది కాదు, పక్కా అమెరికన్. 1963లో లాస్ ఏంజిలిస్‌లో ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచర్, ఆమె భర్త రాన్ కలిసి ఒక రేడియో స్టేషన్ నిధుల కోసం పెట్టిన వారాంతపు సంతతో మొదలైంది. టెక్సస్‌ది 1974లో జార్జ్ కూలమ్ మొదలుపెట్టాడు, పాత గనుల తవ్వకాలు జరిగిన స్థలంలో. టాడ్ మిషన్ ఊరికి దశాబ్దాల పాటు మేయరుగా కూడా ఆయనే ఉన్నాడు. సంత పెట్టినవాడే ఊరికి మేయరయ్యాడన్నమాట.

ఎంత దూరం, ఎప్పుడు జరుగుతుంది?

హ్యూస్టన్ డౌన్‌టౌన్ నుంచి వాయవ్యంగా సుమారు 50 మైళ్లు. సైప్రెస్ వాళ్లకి దగ్గర, కేటీ వాళ్లకి ఫరవాలేదు, షుగర్‌ల్యాండ్ వాళ్లు కాస్త ఓపిక తెచ్చుకోవాలి. అక్టోబరులో మొదలై నవంబరు చివర వచ్చే థ్యాంక్స్‌గివింగ్ వారాంతం దాకా, శని ఆదివారాలు మాత్రమే, చివర్లో థ్యాంక్స్‌గివింగ్ మర్నాటి శుక్రవారం కూడా ఉంటుంది.

మ్యాప్‌లో చూపించే టైమ్‌ని మాత్రం నమ్మకండి. చివర్లో ఎఫ్‌ఎం 1774 అని మామూలు పల్లెటూరి రోడ్డు ఉంది, పదకొండు గంటలకి బయల్దేరి వెళ్లినవాళ్లందరూ అక్కడే ఒకరి వెనక ఒకరు నిలబడతారు. 249 టోల్ రోడ్డు మీద వెళ్తే కొంత నయం. గేట్లు తెరిచేలోపు పార్కింగ్‌లో ఉండేలా చూసుకుంటే రోజంతా హాయి. మనవాళ్లు గుంపుగా బయల్దేరితే "తొమ్మిదికల్లా" అంటే పదిన్నర అని అర్థం కాబట్టి, ఏడింటికి బయల్దేరదామని చెప్పండి.

మేం హ్యూస్టన్‌లో ఉండం. మాకు దగ్గరలో ఏముంది?

డాలస్ వాళ్లకి వాక్సహాచీలో స్కార్‌బరో, ఏప్రిల్ నుంచి మే చివర మెమోరియల్ డే దాకా. ఫ్రిస్కో నుంచి గంట పైన పడుతుంది. అట్లాంటా వాళ్లకి ఫెయిర్‌బర్న్‌లో జార్జియా ఫెయిర్, అది కూడా వసంతంలోనే. షికాగో, మిల్వాకీ వాళ్లకి మధ్యలో కెనోషా దగ్గర బ్రిస్టల్, జూలై నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా. న్యూజెర్సీ, న్యూయార్క్ వాళ్లకి టక్సీడోలో, మేరీల్యాండ్, వర్జీనియా వాళ్లకి అనాపొలిస్ దగ్గర క్రౌన్స్‌విల్‌లో, రెండూ ఆగస్టులో మొదలవుతాయి. బే ఏరియా వాళ్లకి హాలిస్టర్ వైపు కాసా డి ఫ్రూటాలో సెప్టెంబరు, అక్టోబరుల్లో. షార్లట్ వాళ్లకి హంటర్స్‌విల్‌లో అక్టోబరు, నవంబరుల్లో. ఫీనిక్స్ వాళ్లకి ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అక్కడ ఎండాకాలంలో పెడితే రాజుగారు కవచంలోనే ఉడికిపోతాడు కాబట్టి.

ఏ వారాంతం వెళ్తే మంచిది?

టెక్సస్ దానిలో ప్రతి వారాంతానికీ ఒక థీమ్ ఉంటుంది. ఒకసారి జర్మన్ అక్టోబర్‌ఫెస్ట్, ఒకసారి సముద్రపు దొంగలు, ఒకసారి హాలోవీన్, స్కాట్లండ్ వాళ్ల కిల్టులూ బ్యాగ్‌పైపులూ ఒకసారి, చివర్లో క్రిస్మస్. చిన్నపిల్లలుంటే పైరేట్ వారాంతం లేదా చివరిది బాగుంటాయి. హాలోవీన్ దగ్గర పడే వారాంతంలో జనం విపరీతం, వేషాలు కూడా కాస్త భయపెట్టేలా ఉంటాయి, నాలుగేళ్ల పిల్లలు రాత్రి నిద్రపోరు.

నన్నడిగితే నవంబరు మొదటి సగం. అక్టోబరు మొదట్లో హ్యూస్టన్ ఎండ మీకు తెలియనిది కాదు, వెల్వెట్ గౌన్లలో ఆడవాళ్లు చెమటలు కక్కుతూ నిమ్మరసం క్యూలో నిలబడి ఉంటారు. శనివారం కన్నా ఆదివారం రద్దీ తక్కువ. టికెట్ కొనేటప్పుడు అది ఫలానా రోజుకే చెల్లుతుందా, ఏ రోజైనా పనికొస్తుందా అన్నది చూసి కొనండి, గేటు దగ్గర కన్నా ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే టెన్షన్ ఉండదు. అక్కడ ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రం, టికెట్ స్క్రీన్‌షాట్ ఇంటి దగ్గరే తీసిపెట్టుకోండి.

వేషం వేసుకోకపోతే వింతగా చూస్తారా?

చూడరు, జీన్స్ వాళ్లు బోలెడుమంది ఉంటారు. కానీ వేసుకుంటే రోజు మొత్తం వేరేగా గడుస్తుంది. వేషంలో ఉన్నవాళ్లని దారినపోయే నటులు పలకరిస్తారు, వంగి నమస్కారం పెడతారు, పిల్లల్ని "యువరాణీ" అని పిలుస్తారు. జీన్స్ వేసుకున్నవాళ్లు చూసిపోయే జనం, వేషం వేసుకున్నవాళ్లు ఆటలో భాగం.

దానికి వందల డాలర్లు పోసి గౌను కొనక్కర్లేదు. గేటు దగ్గర అద్దెకి దొరుకుతాయి కానీ నలుగురికి కలిపితే బాగానే అవుతుంది. ఆడవాళ్లకి పాత లెహంగా స్కర్టు, పైన వదులు తెల్ల బ్లౌజు, నడుముకి ఒక దుపట్టా గట్టిగా కడితే పని అయిపోయింది. మగవాళ్లకి మోకాళ్ల దాకా ఉన్న ప్లెయిన్ కుర్తా మీద తోలు బెల్టు.

ఇంకా మంచి ఉపాయం ఒకటుంది. స్కార్‌బరో ఫెయిర్‌లో కనిపించే రాజు ఇంగ్లండ్‌ని ఏలిన ఎనిమిదో హెన్రీ. ఆయన సింహాసనం ఎక్కింది 1509లో, సరిగ్గా అదే ఏడాది విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలూ ఎక్కాడు! అంటే పంచె కట్టుకుని, పైన ఉత్తరీయం వేసుకుని, నెత్తిన పొడవాటి కుళ్లాయి పెట్టుకుని వెళ్తే మీరు ఆ కాలానికి చెందని మనిషేం కాదు, హెన్రీ దొరగారి దర్బారుకి హంపీ నుంచి వచ్చిన రాయబారి. కుళ్లాయి ఎలా ఉండాలో తెలియకపోతే తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో నిలబడి ఉన్న రాయలవారి విగ్రహం గుర్తు తెచ్చుకోండి. బంగారు రంగు చార్టు పేపరుతో అరగంటలో అయిపోతుంది. మా ఫ్రెండ్స్‌లో ఒకతను ఇలాగే తయారై వస్తే, గేటు దగ్గర ఒక నటుడు "ఏ రాజ్యం మీది" అని అడిగాడు, ఇతను "గుర్రాలు బేరం చేయడానికి విజయనగరం నుంచి వచ్చాను" అన్నాడు. రాయలు పోర్చుగీసు వాళ్ల దగ్గర గుర్రాలు కొన్న మాట నిజమే కదా. ఆ నటుడు ఊరుకోలేదు, మధ్యాహ్నం దాకా ఎక్కడ కనిపించినా ఒక ముసలి గుర్రాన్ని అంటగట్టడానికి తెగ ప్రయత్నించాడు.

చీరలో రావచ్చా అని అత్తయ్యగార్లు అడుగుతారు. నిక్షేపంలా రావచ్చు, అందరూ మెచ్చుకుంటారు కూడా. పట్టుచీర మాత్రం వద్దు, అంచు మొత్తం ఎర్రదుమ్ము పడుతుంది. నేత చీర, కింద స్పోర్ట్స్ షూస్.

మేం వెజిటేరియన్లం. ఆకలితో చావాలా?

చావక్కర్లేదు కానీ ఆలోచించుకుని వెళ్లాలి. కాల్చిన మొక్కజొన్న కంకి, చీజ్ రకాలు, బ్రెడ్, పిజ్జా, ఫ్రైస్, ఉప్పునీళ్లలో ఊరబెట్టి వేయించిన దోసకాయ ముక్కలు, జిలేబీలా నూనెలో వేయించే ఫనెల్ కేక్, తీపి పాప్‌కార్న్, ఇలాంటివి దాదాపు అన్ని ఫెయిర్లలోనూ ఉంటాయి. సాయంత్రానికి ఇవన్నీ తిని కడుపులో ఒకటే మంట, అది వేరే సంగతి. సూప్ గిన్నెలో పోసిచ్చినా, బ్రెడ్‌లో పోసిచ్చినా అందులో మాంసం రసం ఉందా అని అడగండి. ఫ్రైస్ వేసే నూనెలోనే చేపలు వేయిస్తున్నారేమో కూడా అడగండి, పట్టింపు ఉన్నవాళ్లు. సాసేజ్‌లు, కర్రకి గుచ్చిన మాంసం దాదాపు బీఫ్ లేదా పోర్క్, చికెన్ అనుకుని కొరికేయొద్దు.

పులిహోర లోపలికి తీసుకెళ్లొచ్చా? చాలా ఫెయిర్లలో బయటి తిండి లోపలికి రానివ్వరు, పసిపిల్లల ఆహారానికి, మంచినీళ్లకి సాధారణంగా మినహాయింపు ఉంటుంది. అందుకని మనవాళ్లు చేసే పని ఏంటంటే, పులిహోర, పెరుగన్నం, ఆవకాయ అన్నీ కారులో ఐస్‌బాక్సులో పెట్టి, ఉదయం లోపలికి వెళ్లేముందు ఒకసారి, మధ్యాహ్నం బయటికొచ్చి ఒకసారి పార్కింగ్‌లోనే డిక్కీ ఎత్తి భోజనాలు కానిచ్చేస్తారు. బయటికొచ్చేముందు మళ్లీ లోపలికి రానిస్తారా, చేతికి ముద్ర వేయించుకోవాలా అని గేటు దగ్గర అడగండి. కారు ఎక్కడ పెట్టారో ఫొటో తీసుకోవడం మర్చిపోవద్దు, మైదానం మొత్తం ఒకలాగే ఉంటుంది. గడ్డిలో చాప పరిచేముందు నేలవైపు ఒకసారి చూడండి. టెక్సస్ ఎర్రచీమల పుట్ట మీద కూర్చుంటే పెరుగన్నం సంగతి దేవుడెరుగు, అందరూ లేచి గంతులేయాల్సిందే.

టర్కీ లెగ్ తినాల్సిందేనా?

మాంసం తినేవాళ్లయితే ఒక్కటి కొని పంచుకోండి. ఈ టర్కీ కోడి కాలు ముంజేయంత ఉంటుంది, తొక్క పొగకి ముదురు గోధుమ రంగుకి తిరిగి మెరుస్తుంటుంది. లోపల గులాబీ రంగు చూసి పచ్చిగా ఉందని చాలామంది కంగారుపడి పారేస్తారు. అది పచ్చి కాదు, ఉప్పులో ఊరబెట్టి పొగ పెట్టడం వల్ల వచ్చే రంగు. రుచి ఉప్పుప్పగా ఉంటుంది, కారం నిల్. చిన్న డబ్బాలో గుంటూరు కారం, జేబులో ఒక నిమ్మకాయ ఉంటే ఆ ఎముక చుట్టూ ఉన్న జనంలో మీరే అదృష్టవంతులు. లోపల నరాలు పుల్లల్లా గట్టిగా ఉంటాయి, పిల్లలకి తీసి పెట్టాలి. తడి టిష్యూలు లేకుండా అటువైపు వెళ్లకండి. ఒక జిప్‌లాక్ కవరు కూడా ఉంచుకోండి, మిగిలింది ఇంటికి తెచ్చి మర్నాడు ఫ్రైడ్ రైస్‌లో వేస్తే భలే ఉంటుంది.

ఇది నిజమైన చరిత్రేనా, లేక గాలి కబుర్లా?

ఆ టర్కీ లెగ్‌నే తీసుకోండి. టర్కీ కోడి అమెరికా ఖండానిది, యూరప్ వాళ్లకి కొలంబస్ తర్వాతే తెలిసింది. మొక్కజొన్న, ఆలుగడ్డ, టమాటా, అన్నీ అంతే. అంటే మధ్యయుగపు వీరుడు టర్కీ కాలు కొరుకుతున్న బొమ్మ తప్పు. అయితే దాన్ని చూసి నవ్వేముందు మన డబ్బా వైపు చూసుకోవాలి. ఆ గుంటూరు కారం కూడా అదే ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిన సరుకే, అంతకుముందు మన వంటింట్లో కారానికి మిరియాలే. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చి రాయలవారినీ, మహర్నవమి ఉత్సవాలనీ చూసి రాసిపెట్టాడు. ఆ కాలం గురించి పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. ఒకటో ఎలిజబెత్ రాణి ఇంగ్లండ్‌లో ఏలుతుండగానే మన హైదరాబాద్‌లో 1591లో చార్మినార్ లేచింది. ఆవిడ పోయిన కొన్నేళ్లకే, 1611లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టారు.

ఇక వీధుల్లో కనిపించే వైకింగులు, దేవకన్యలు, డ్రాగన్లు, అంతరిక్ష సినిమా సైనికుల సంగతి అడక్కండి. ఎవరూ పట్టించుకోరు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి బోర్ కొట్టదా? వాళ్లకి ఇంగ్లీషు రాదు.

నాకు తెలిసినంతలో ఈ ఫెయిర్ పెద్దవాళ్లకే ఎక్కువ నచ్చుతుంది. మాల్, బీచ్, మళ్లీ మాల్ చూపిస్తే వాళ్లు మొహమాటానికి బాగుంది అంటారు. ఇక్కడ చేతిపనులు ఉన్నాయి. మా మామయ్యగారిది నల్గొండ జిల్లాలో పల్లెటూరు. ఆయన్ని కమ్మరి దగ్గర బల్ల మీద కూర్చోబెట్టి మేం జ్యూస్ తెస్తామని వెళ్లాం. తిరిగొచ్చేసరికి ఆయన ముందు వరసలోకి జరిగి ఉన్నాడు. ఇనుప కడ్డీ ఎర్రబడి, నారింజ రంగుకి తిరిగే దాకా ఆగి, అప్పుడు ఆ కమ్మరి పట్టకారుతో తీసి దాకలి మీద పెట్టి కొడుతుంటే, మామయ్యగారు పక్కనున్న ఎవరో తెల్లాయనకి తెలుగులోనే వివరిస్తున్నారు, "మా ఊళ్లో తిత్తి ఉండేదయ్యా, నేను చిన్నప్పుడు లాగేవాణ్ణి, వీడికి మోటారు పెట్టారు" అని. ఆ తెల్లాయన తల ఊపుతున్నాడు. కడ్డీని నీళ్లలో ముంచినప్పుడు వచ్చిన చుయ్‌మన్న చప్పుడుకి ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ రోజు మేం గాజు ఊదేవాడి దగ్గరికి, కుమ్మరి సారె దగ్గరికి వెళ్లాం కానీ ఆయన మనసంతా కొలిమి దగ్గరే ఉండిపోయింది.

భాష అక్కర్లేని ప్రదర్శనలు ఎంచుకోండి, గుర్రాలు, గద్దలు, నిప్పు, గారడీ. మాటలతో నడిచే హాస్యనాటకాలు వదిలేయండి, మనకే సగం అర్థం కావు. నడక బాగా ఉంటుంది, నేల ఎగుడుదిగుడు, చెట్ల వేళ్లు. మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చైర్ గురించి ముందే కనుక్కోండి, చేతికర్ర ఉంటే తెచ్చుకోమనండి, వేషంలో భాగంలా కూడా ఉంటుంది. మందులు, టోపీ, మంచినీళ్లు సరేసరి. దుమ్ము పడనివాళ్లకి మాస్క్.

పిల్లలకి ఏ వయసు నుంచి బాగుంటుంది?

ఐదు నుంచి పన్నెండు మధ్యవాళ్లకి పండగే. మనుషులే తోసి తిప్పే రంగులరాట్నాలు, విల్లుబాణాలు, చిన్న కత్తియుద్ధాలు, దారి వెతుక్కుని బయటపడే చిక్కుదారులు. వీటిలో చాలావాటికి విడిగా డబ్బులు కట్టాలి, ఆ మాట ముందే మనసులో పెట్టుకోండి. రెండేళ్ల లోపు పిల్లలుంటే స్ట్రోలర్ చక్రాలు పెద్దవైతేనే తీసుకెళ్లండి, చిన్న చక్రాలది కంకరలో ఇరుక్కుంటే మీరే దాన్ని మోయాలి. టీనేజ్ పిల్లలు మొదట్లో "క్రింజ్" అంటారు, వాళ్ల ఫ్రెండ్‌ని ఒకర్ని వెంటబెట్టుకెళ్తే మీ జోలికి రారు.

పిల్లల చొక్కా లోపల మీ ఫోన్ నంబరు చీటీ పెట్టండి, ఎందుకంటే సిగ్నల్ లేక ఒకరికొకరు దొరక్క తిరిగే కుటుంబాలు ప్రతి వారం కనిపిస్తాయి. లోపలికి అడుగుపెట్టగానే "తప్పిపోతే ఇక్కడికి రావాలి" అని ఒక గుర్తు చూపించండి, అది జెండా కాకుండా కట్టడం అయితే మంచిది.

జోకులు కాస్త బూతుగా ఉంటాయని విన్నాం?

నిజమే. చాలా ప్రదర్శనల్లో ద్వంద్వార్థాలు బాగా దట్టిస్తారు, పిల్లలకి అర్థం కాకుండా పెద్దలు నవ్వే రకం. షెడ్యూల్‌లో ఏవి పిల్లలకి తగవో గుర్తు పెడతారు, చూసుకోండి. బట్టల విషయంలో కూడా, పైకి తన్నుకొచ్చే కార్సెట్లు, ఆకులు మాత్రమే చుట్టుకున్న వనదేవతలు కనిపిస్తారు. మా అత్తయ్యగారు ఒక గంట ఇబ్బందిపడి, తర్వాత "గుళ్ల మీద శిల్పాలు లేవూ" అని తేల్చేశారు. సాయంత్రం అయ్యేకొద్దీ జనం తాగి ఉంటారు, మాటలూ ముదురుతాయి. పిల్లలున్నవాళ్లు పెద్ద ప్రదర్శనలు ఉదయమే చూసేయడం మేలు.

జౌస్టింగ్ నిజంగా కొట్టుకుంటారా?

జౌస్టింగ్ అంటే ఇద్దరు వీరులు గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి బల్లేలతో పొడుచుకునే ఆట. గుర్రాలు నిజం, కవచాలు నిజం, పడటం కూడా చాలాసార్లు నిజమే. ఎవరు గెలవాలన్నది మాత్రం చాలాచోట్ల ముందే రాసుకున్న కథ. ప్రేక్షకుల్ని విభాగాలుగా చేసి ఒక్కో విభాగానికి ఒక్కో వీరుణ్ని కేటాయిస్తారు, మీవాడి కోసం గొంతు చించుకోవాలి. "హజ్జా!" అని అరవడం అక్కడ ఆనవాయితీ. మనవాళ్లు నలుగురు కలిసి ఈల వేశారంటే ఆ వీరుడు గుర్రం ఆపి మరీ మన వైపు తిరుగుతాడు. ఎండకి ఎదురుగా లేని బల్ల కావాలంటే అరగంట ముందే కూర్చోండి. గుర్రాలు దౌడు తీస్తూ ఎదురుపడి బల్లెం విరిగినప్పుడు చెక్క పేళ్లు ఎగురుతాయి, ముందు వరసలో కూర్చున్నవాళ్లకి నేల అదరడం తెలుస్తుంది.

ఇది పిల్లలాట అనుకోవద్దు. పైన చెప్పిన ఎనిమిదో హెన్రీకి ఈ ఆటంటే ప్రాణం. 1536 జనవరిలో గ్రీనిచ్‌లో కవచంతో సహా గుర్రం మీద నుంచి పడ్డాడు, మళ్లీ బరిలోకి దిగలేదు. మేరీల్యాండ్ రాష్ట్రానికైతే 1962 నుంచీ ఇది అధికారిక క్రీడ.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

టికెట్లతో అయిపోయిందనుకుంటే పొరపాటు. తిండి, ఆటలు, పిల్లల చెక్కకత్తి, పూలకిరీటం, ఇవి టికెట్ల ఖర్చుని దాటిపోతాయి. పిల్లలకి ఉదయమే ఒక్కొక్కరికి ఇంత అని నోట్లు చేతికిచ్చేయండి, ఆ తర్వాత బేరాలు వాళ్లవే. చాలా దుకాణాల్లో కార్డు తీసుకుంటారు, అయినా చిల్లర డాలర్లు ఉంచుకోవాలి. ఎందుకంటే వేదిక మీద ఆడేవాళ్లలో చాలామందికి ఆట చివర్లో టోపీలో మీరు వేసే డబ్బే అసలు ఆదాయం. ఇరవై నిమిషాలు కడుపుబ్బ నవ్వి, టోపీ వచ్చేసరికి ఫోన్ చూసుకుంటూ జారుకునేవాళ్లలో మనవాళ్లు కూడా ఉంటున్నారు. అది బాగుండదు, మనిషికి ఐదు డాలర్లు వేస్తే మన ఆస్తులేం కరిగిపోవు.

బాత్రూములు?

"ప్రివీ" అని బోర్డు ఉంటుంది. చాలావరకు ప్లాస్టిక్ పోర్టబుల్ డబ్బాలే. ఉదయం శుభ్రంగానే ఉంటాయి, మూడు దాటాక దేవుడి మీద భారం వేయాలి. ఒక ఖాళీ నీళ్ల సీసా, టిష్యూలు, శానిటైజర్ బ్యాగులో ఉండాలి. పొడవాటి గౌన్లూ పంచెలూ కట్టుకున్నవాళ్లు ఈ విషయం వేషం ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి.

వర్షం పడితే?

మామూలుగా వాన వచ్చినా ఆగదు, డబ్బులు వెనక్కి రావు. మర్నాడు కూడా బురద ఉంటుంది. వాన వెలిసిన రోజు జనం తక్కువ, కొందరికి అదే ఇష్టం. మారు చెప్పులు కారులో పెట్టుకోండి.

మగవాళ్లకి ఒకటే ప్రశ్న: మీడ్ ఎలా ఉంటుంది?

తేనెతో చేసిన వైన్, తీపిగా జారిపోతుంది, ఎండలో ఇంకా తొందరగా ఎక్కుతుంది. వయసు ఎంతున్నా ఐడీ చూపించమంటారు, నాన్నగారికి కూడా కావాలంటే ఆయన పాస్‌పోర్టు ఉండాలి. డ్రైవ్ చేసేవాళ్లు ముట్టుకోవద్దు, ఇందులో మొహమాటం లేదు. వీసా మీద ఉన్నవాళ్లకి డీయూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు, జరిమానాతో పోయేది కాదు, వీసా రద్దు దాకా వెళ్లొచ్చు. ఒక్కో కారుకి ఒకరు తాగకుండా ఉండాలని బయల్దేరేముందే తేల్చుకోండి.

నిజం కత్తి కొనుక్కోవచ్చా?

కొనొచ్చు, అమ్ముతారు. కొన్నాక చుట్టి ఇస్తారు, దాన్ని ఫెయిర్‌లో దూసి తిప్పకూడదు. ఇంటి నుంచి తెచ్చుకున్న కత్తి ఒరలోంచి రాకుండా గేటు దగ్గర కట్టేస్తారు. ఇండియాలో బావమరిదికి గిఫ్టుగా పంపాలన్న ఆలోచన మాత్రం మానుకోండి, కస్టమ్స్ దగ్గర సమాధానం చెప్పుకోలేక ఆ బావమరిదే తిట్టుకుంటాడు. తోలు పర్సు, చేత్తో చేసిన గాజు బొమ్మ, కొమ్ముతో చేసిన గ్లాసు, ఇలాంటివి మేలు.

రాత్రి అక్కడే క్యాంపింగ్ చేస్తే?

టెక్సస్‌లో క్యాంప్‌గ్రౌండ్ ఉంది, విడిగా టికెట్ కొనాలి. పెళ్లికాని కుర్రాళ్ల గుంపుకి సరదాగా ఉంటుంది. రాత్రంతా డప్పులు, పాటలు, గోల కాబట్టి చిన్నపిల్లలతో వద్దు. నవంబరు రాత్రి చలి తక్కువ అనుకుని ఒక్క దుప్పటితో వెళ్లేవాళ్లు తెల్లారేసరికి కారులో హీటర్ వేసుకుని కూర్చుంటారు.

నాలుగు కుటుంబాలం కలిసి వెళ్తున్నాం. అందరం కలిసే తిరగాలా?

వద్దు బాబోయ్. పదహారుమంది ఒక నిర్ణయానికి వచ్చేలోపు రాజుగారి ఊరేగింపు అయిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి పార్కింగ్‌లో ఒకసారి, సాయంత్రం జౌస్టింగ్ దగ్గర ఒకసారి కలుద్దామని అనుకుని ఎవరి దారిన వాళ్లు తిరగండి. గ్రూప్ ఫొటో ఉదయమే తీసేయండి, అప్పుడే అందరి మొహాలూ బాగుంటాయి. దారిలో వేషాల్లో ఉన్నవాళ్ల ఫొటో తీయాలంటే ముందు అడగండి, దాదాపు ఎవరూ కాదనరు, పైగా భంగిమ పెట్టి మరీ నిలబడతారు.

ఎప్పుడు బయటపడితే ట్రాఫిక్ తప్పుతుంది?

మూసే టైమ్‌కి అందరూ ఒకేసారి బయటికొస్తారు, పార్కింగ్ మైదానం దాటడానికే చాలాసేపు పడుతుంది. చీకటి పడకముందే బయల్దేరితే సాఫీగా వెళ్లిపోవచ్చు. చివరిదాకా ఉండాలనుకుంటే తొందరపడకండి, కారు దగ్గరికొచ్చి డిక్కీ ఎత్తి, ఫ్లాస్కులో ఉన్న టీ, మిగిలిన మురుకులు బయటికి తీసి, ముందు వరసల కార్లన్నీ కదిలాక మెల్లగా స్టార్ట్ చేయండి. పిల్లలు అప్పటికే వెనక సీట్లో కత్తులతో సహా నిద్రపోయి ఉంటారు, సీటుబెల్టు పెట్టేముందు ఆ కత్తులు తీసి పక్కన పెట్టండి.